పాటొచ్చింది, లెక్క రాలేదు

హైదరాబాద్‌లో మలక్‌పేట వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పే టీచరు రాసిన ఉత్తరమిది. తన పేరు వద్దన్నారు, బడి పేరు అసలే వద్దన్నారు. చాలా పొడుగ్గా రాశారు కాబట్టి ముఖ్యమైనదంతా కుదించి చెబుతున్నాను.

ఆమెకు 27 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఇది మూడో ఏడు. క్లాసులో 38 మంది. సగం ఇళ్లలో తెలుగు, మిగతా ఇళ్లలో ఎక్కువగా ఉర్దూ, బడిలో ఇంగ్లిష్ మీడియం. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచీ పిల్లలకు రెండేసి, ఐదేసి, పదేసి లెక్కపెట్టడం నేర్పుతున్నారు. ఫోన్‌లో పాట పెట్టి చప్పట్లతో పాడిస్తే, నెల తిరక్కుండానే అందరూ ‘టూ, ఫోర్, సిక్స్, ఎయిట్’ అంటూ వంద దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేశారు. ప్రిన్సిపాల్ విని మెచ్చుకుని, వీడియో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు ఈమె గుమ్మం బయట పిల్లలు విడిచిన బూట్లలో ఏడు జతలు వరసగా పేర్చి, ఒక బాబును పిలిచి రెండేసి లెక్కపెట్టమన్నారు. వాడు ఒక్కో బూటు మీద వేలు పెడుతూ ‘టూ, ఫోర్, సిక్స్’ అనుకుంటూ వెళ్లి చివరి బూటు దగ్గర ‘ట్వెంటీ ఎయిట్’ అని ఆగాడు. ఉన్నవి 14. ఒక్కొక్కటిగా లెక్కపెట్టమంటే 14 అనే చెప్పాడు. మరి రెండింటిలో ఏది కరెక్టురా అని అడిగితే, ‘రెండూ కరెక్టే మేడమ్. అది పాట లెక్క, ఇది మామూలు లెక్క’ అన్నాడు.

మర్నాడు అందరినీ విడివిడిగా పిలిచి చూశారు. సరిగ్గా చెప్పినవాళ్లు తొమ్మిది మంది. కొందరు ఆ బాబులాగే 28 అన్నారు, కొందరు ఎక్కడ ఆపాలో తెలియక బూట్లు అయిపోయాక కూడా పాడుకుంటూ పోయారు. అప్పటినుంచి ఈమెకు నిద్ర లేదు. పైగా డిసెంబర్ పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లలచేత స్టేజీ మీద పదో ఎక్కం దాకా చెప్పించాలని ప్రిన్సిపాల్ పట్టు. బూట్లు, చింతపిక్కలు ముందేసుకుని కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుందని అడిగారట. పక్క క్లాసు సీనియర్ టీచరు, ‘మనమంతా వల్లెవేసే కదా నేర్చుకున్నాం, మనకు లెక్కలు రాలేదా?’ అన్నారట. ఈమెకు ఆ మాటే గుచ్చుకుంది. చిన్నప్పుడు ఏడో ఎక్కం తప్పి చెక్క స్కేలుతో దెబ్బలు తిన్నారు. ఇప్పటికీ ఎవరైనా ఏడు ఎనిమిదులు ఎంతంటే మొదటినుంచీ మనసులో చదువుకుంటూ రావాల్సిందే.

‘పాట నేర్పి పిల్లల్ని నేనే పాడుచేశానా? ఇప్పుడది మాన్పించాలా? ప్రిన్సిపాల్‌తో పోట్లాడాలా? ఈ ఉద్యోగమే మానేసి వేరే పని చూసుకోవాలా?’ అని అడుగుతున్నారు.

అమ్మా,

ఆ బాబు మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘అది పాట లెక్క, ఇది మామూలు లెక్క.’ మీ క్లాసులో ఏం జరుగుతోందో వాడికన్నా స్పష్టంగా నేను చెప్పలేను. వాడికి రెండూ వచ్చు, ఆ రెంటికీ చుట్టరికం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరు పాడుచేసింది ఏమీ లేదు. పాట సగం పని. మిగతా సగం ఇంకా మొదలుకాలేదు, అంతే. మూడేళ్ల అనుభవంలోనే బూట్లు పేర్చి పరీక్షించాలని మీకు తట్టింది. పదేళ్లు పాట పాడించి, అది లెక్కే అనుకుని రిటైరైనవాళ్లు ఉన్నారు. కొన్నేళ్లపాటు నేనూ ఆ జాబితాలోదాన్నే.

రెండేసి లెక్కపెట్టడం పెద్దవాళ్లకు ఒక పనిలా కనిపిస్తుంది కానీ, పిల్లవాడు ఒకేసారి రెండు లెక్కలు నడపాలి. ఒకటి, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని అయ్యాయి అన్నది. రెండోది, ఎన్నిసార్లు గెంతాను అన్నది. ఏడు జతల బూట్లంటే నోరు 14 చేరాలి, మనసులో ఏడు గెంతులు అవ్వాలి. పాటలో మొదటి లెక్కే ఉంది, రెండోది లేదు. అందుకే కొందరు ఆపడం తెలియక సాగిపోయారు. 28 అన్న బాబుకు ఇంకో మెలిక పడింది. ఒక్కో బూటుకూ ఒక్కో మాట వాడేశాడు. ఎల్‌కేజీలో ఒకటి, రెండు నేర్పినప్పుడు ‘ఒక వస్తువు, ఒక మాట’ అని మనమే అలవాటు చేశాం. వాడు దాన్ని నమ్మకంగా పాటించాడు, పాపం.

మా తాత కళ్లంలో వడ్లు కొలుస్తుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. మొదటి కుంచానికి ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. పది కాగానే పక్కన ఒక చింతపిక్క పెట్టి మళ్లీ లాభం నుంచి ఎత్తుకుంటాడు. చివర్లో పిక్కలు లెక్కపెడితే ఎన్ని పదులో తేలిపోయేది. నోటితో ఒక లెక్క, పిక్కలతో ఇంకో లెక్క. మధ్యలో ఎవరైనా పలకరించినా తప్పేవాడు కాదు. ఆయన బడికి పోయింది లేదు. మీ పిల్లలకు కావలసింది ఆ చింతపిక్కే.

అలాంటి పిక్కలు అందరి దగ్గరా పది ఉన్నాయి. వేళ్లు. నోరు ‘రెండు’ అన్నప్పుడు ఒక వేలు తెరవాలి, ‘నాలుగు’ అన్నప్పుడు రెండో వేలు. ‘పద్నాలుగు’ దగ్గర ఏడు వేళ్లు తెరిచి ఉంటాయి. వేళ్లతో లెక్కపెట్టడం తప్పని చాలా బళ్లలో చేతులు వెనక్కి కట్టిస్తారు. ఈ వయసులో దయచేసి అలా చేయకండి. గెంతుల లెక్క ఉండేది ఆ వేళ్లలోనే.

ఇక్కడ తెలుగు మనకొక మేలు చేసిపెట్టింది. ‘రెండేసి’, ‘ఐదేసి’, ‘పదేసి’. ఆ ‘ఏసి’లోనే విషయమంతా ఉంది. తలా రెండేసి లడ్డూలు పెట్టమంటే మూడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. దీనికి ఇంగ్లిష్‌లో వాడే ‘స్కిప్ కౌంటింగ్’ అన్న మాటలో ఆ గుంపు కనబడదు, ఏదో దాటేస్తున్నట్టు మాత్రం ఉంటుంది. మనవాళ్లు పాడే ‘టూ టూ జా ఫోర్’ సంగతి సరేసరి. ‘టూ టూస్ ఆర్ ఫోర్’ అన్నది తరతరాల నోళ్లలో అరిగి ‘జా’ అయి కూర్చుంది. ఆ జా అంటే ఏమిటని మీ పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి, సరదాగా ఉంటుంది. ‘రెండు మూళ్లు ఆరు’ అన్న మన పాత ఎక్కంలో మూళ్లు అంటే మూడు మూడుగా ఉన్న గుంపులని వినబడుతూనే ఉంది.

ఉర్దూ ఇంటి పిల్లల గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు, నాకు అది ముఖ్యం అనిపించింది. ఇరవై దాటాక తెలుగులో అంకెలు ఒక పద్ధతిలో నడుస్తాయి. ఇరవై ఐదు, ముప్పై ఐదు, నలభై ఐదు. ఉర్దూలో అలా కాదు, పచ్చీస్, పైంతీస్, పైంతాలీస్, పచ్‌పన్ అని దేనికది విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ చెవిలో తేడా పట్టుకోవడం ఈ వయసులో కష్టం. ఐదేసి చెబుతున్న పిల్లవాడు ఫార్టీఫైవ్ తర్వాత ఫిఫ్టీన్ అని మళ్లీ ట్వెంటీకి వచ్చాడంటే వాడికి లెక్క రాక కాదు, మాట దొరక్క. బూట్ల దగ్గర ఎవరి ఇంటి భాషలో వాళ్లను లెక్కపెట్టనివ్వండి. సంఖ్య స్థిరపడ్డాక ఇంగ్లిష్ పేరు తగిలించుకుంటారు. పరీక్షలో రాసేది ఎలాగూ అంకెలే.

ఇక సోమవారం క్లాసులో ఏం చేయాలంటారా. మళ్లీ బూట్లతోనే మొదలుపెట్టండి, కానీ ఈసారి ఒక్కొక్కటిగానే లెక్కపెట్టించండి. జతలో మొదటి బూటుకు గుసగుసగా ‘ఒకటి’, రెండో బూటుకు గట్టిగా ‘రెండు’. గుసగుసగా ‘మూడు’, గట్టిగా ‘నాలుగు’. పిల్లలకు గుసగుసలాడటం ఎంత ఇష్టమో మీకు తెలుసు. రెండు మూడు రోజులయ్యాక గుసగుసకు బదులు పెదవులు మాత్రం కదపమనండి. ఆ తర్వాత అదీ వద్దు, ఒక జతను రెండు చేతులతో ఎత్తి గట్టి మాట ఒక్కటే అనమనండి. అప్పుడు పాట లెక్క మామూలు లెక్కలోంచే పుట్టిందని వాళ్ల కళ్ల ముందే తేలుతుంది. ఒక్కో బూటును తాకడం, జతను ఎత్తడం, ఈ చిన్న తేడాతోనే 28 పోయి 14 వస్తుంది.

మధ్యలో హఠాత్తుగా ఆపించండి. ‘పన్నెండు’ అనగానే చెయ్యెత్తి, ‘ఎన్ని జతలయ్యాయి?’ అని అడగండి. మొదట్లో అందరూ మీ మొహం వంక చూస్తారు. కొన్నాళ్లకు తెరిచిన వేళ్లు చూసుకుని ‘ఆరు’ అంటారు. ఆ ‘ఆరు’ అన్న రోజు పిల్లవాడికి ఎక్కం పునాది పడింది. పుస్తకంలో రెండో ఎక్కం ‘రెండు ఆర్లు పన్నెండు’ అంటుంది, మన బూట్ల దగ్గర ఉన్నవి ఆరు రెళ్లు. ఎటు చూసినా పన్నెండే అవుతుందన్నది పెద్ద విషయం, దాన్ని ఇప్పుడే తవ్వకండి.

కిరాణా కొట్లో అడిగితే ఖాళీ గుడ్ల ట్రే ఊరికే ఇస్తారు. 30 గుంతలు, ఒకవైపు ఐదు, ఇంకోవైపు ఆరు. ట్రే చుట్టూ నలుగురిని కూర్చోబెట్టి చింతపిక్కలు ఇవ్వండి. ఐదేసి గుంతల వరస నింపగానే ఐదు, రెండో వరసకు పది, ఆరో వరసకు ముప్పై. ట్రేను పక్కకు తిప్పి ఆరేసి నింపితే 6, 12, 18, 24, 30. అదే ట్రే, అవే పిక్కలు, గెంతులు మాత్రం ఐదే. ఇదెలా అని ఎవడో ఒకడు అడుగుతాడు. జవాబు చెప్పకండి, రెండు రోజులు వాళ్లనే కొట్టుకోనివ్వండి.

మూడేసికి ఆటోలున్నాయి. బోర్డు మీద ఆటోలు గీసి చక్రాలు లెక్కపెట్టించవచ్చు, మెట్రో రైలుకూ మూడే బోగీలు. నాలుగేసికి చార్మినార్ మినార్లు ఎలాగూ ఉన్నాయి. వంద గళ్ల పట్టికలో రంగులేయించడం, నేల మీద సుద్దతో గీత గీసి తొక్కుడుబిళ్లలా గెంతించడం మీకు తెలిసినవే, వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. ప్రతిసారీ సున్నా నుంచే మొదలుపెట్టించకండి. ‘ఏడు దగ్గర నిలబడి పదేసి గెంతు’ అనండి. 17, 27, 37. పాట పట్టుకుని వేలాడేవాళ్లెవరో, సంఖ్య తెలిసినవాళ్లెవరో అక్కడ విడిపోతారు.

అసలు పరీక్ష చిల్లర దగ్గర. ఐదు రూపాయల బిళ్లలు మూడు, రెండు రూపాయల బిళ్లలు రెండు అరచేతిలో పెట్టి ఎంతని అడగండి. 5, 10, 15 దాకా ఒక దారి, అక్కడ బండి మలుపు తిప్పి 17, 19. చాలామంది 15 తర్వాత 20 అనేస్తారు. పాట వాళ్లను లాక్కుపోతుంది. ఆ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, బిళ్లను తిప్పి చూసి, ‘పదిహేడు’ అన్న పిల్లకు లెక్క వచ్చినట్టే. దీనికి నెలలు పట్టవచ్చు, డిసెంబర్‌తో ముడిపెట్టుకోకండి.

38 మందితో ఇదంతా ఎలా అంటారేమో. అందరితో ఒకేరోజు కుదరదు. రోజూ పీరియడ్‌లో పది నిమిషాలు, ఎనిమిది మంది ఒక గుంపు, మిగతావాళ్లు నోటుబుక్కులో పని. ఐదు రోజుల్లో అందరికీ ఒకసారి వంతు వస్తుంది. సరిగ్గా చెప్పిన ఆ తొమ్మిది మందిని మీ పక్కన అసిస్టెంట్లుగా పెట్టుకోండి, వాళ్లకూ మంచిదే. ఇన్ని చేశాక కూడా ఒకరిద్దరు ఐదు పిక్కల కుప్ప, ఎనిమిది పిక్కల కుప్ప పక్కపక్కన పెడితే ఏది ఎక్కువో చెప్పలేకపోతే అది వేరే సంగతి. గెంతులు పక్కన పెట్టి వెనక్కి వెళ్లాలి, ఇంట్లోవాళ్లతోనూ నెమ్మదిగా మాట్లాడాలి.

ఇక ప్రిన్సిపాల్. మీ ముందు నాకు మూడు దారులు కనబడుతున్నాయి, ఏ దారికీ దాని ఖర్చు దానికుంది.

ఆవిడ చెప్పినట్టే పది ఎక్కాలూ వల్లెవేయించవచ్చు. డిసెంబర్ బ్రహ్మాండంగా గడుస్తుంది. మూడో తరగతిలో ‘ఒక్కో డబ్బాలో 4 లడ్డూలు, డబ్బాలు 6, మొత్తం ఎన్ని?’ అన్న లెక్క వచ్చినప్పుడు నాలుగో ఎక్కం గడగడా చెప్పే పిల్లే 4కు 6 కలిపి 10 అని రాస్తుంది. నేను కళ్లారా చూశాను. అప్పుడు తిట్లు తినేది మూడో తరగతి టీచరు. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు, నిద్ర సంగతి మీకే తెలియాలి.

రెండో దారి, ఎవరికీ చెప్పకుండా మీ పది నిమిషాలు మీరు నడుపుకోవడం. చాలామంది మంచి టీచర్లు చేసేది ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, నోటుబుక్కుల్లో ఏమీ కనబడదు. ఎవరో ఒక తల్లి ‘ఈ వారం పిల్లాడు ఏమీ రాయలేదు’ అని గ్రూపులో పెడుతుంది. కాబట్టి చేసిన ప్రతి ఆటకూ నోటుబుక్కులో ఆనవాలు ఉండాలి. బూట్ల జతల బొమ్మ, కింద 2, 4, 6, పక్కన ఎన్ని జతలో ఒక అంకె. ఐదు నిమిషాల పని, మీకు అడ్డుగోడ.

మూడోది, ఆవిడతో మాట్లాడటం. సిద్ధాంతాలు చెప్పొద్దు, క్లాసుకు పిలిచి చూపించండి. అయితే ఇవాళే పిలిచి 28 వినిపిస్తే, ‘ఇన్నాళ్లూ మీరేం చెప్పినట్టు?’ అని మీ మెడకే చుట్టుకోవచ్చు. మూడు వారాలు ఆగి, ముందు ఇలా అన్నవాళ్లు ఇప్పుడు ఇలా అంటున్నారని చూపిస్తే వినే ఓపిక ఉంటుంది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లకూ చదవడం, అర్థమై లెక్క చేయడం రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ చెబుతోంది, రాష్ట్రం 2022లో సర్కారు బళ్లలో తెచ్చిన ‘తొలిమెట్టు’ ఉద్దేశమూ అదే. ప్రిన్సిపాళ్లకు ఇలాంటి మాట చేతికిస్తే పేరెంట్స్ ముందు చెప్పుకోవడానికి పనికొస్తుంది. పది ఎక్కాలకు బదులు 2, 5, 10 చాలని, స్టేజీ మీద తల్లిదండ్రులే చిల్లర ఇచ్చి పిల్లలచేత లెక్కపెట్టించేలా చేద్దామని అడగండి. ఇందులో ప్రమాదం లేకపోలేదు. 38 గొంతులు కలిసి పాడితే ఎవరు తప్పినా వినబడదు, బళ్లకు కోరస్ అంత ఇష్టం అందుకే. ఒంటరిగా నిలబడ్డ పిల్ల తడబడితే హాలంతా వింటుంది. అందుకు ఆవిడ ఒప్పుకోకపోతే, ఎక్కాల తర్వాత ఐదు నిమిషాలు చిల్లర ఆటకు అడగండి. అంతమాత్రం ఇస్తారనుకుంటాను.

నేనైతే మూడు వారాలు రెండో దారిలో నడిచి, తర్వాత మూడో దారిలోకి మళ్లుతాను. కానీ మీ ప్రిన్సిపాల్ ఎలాంటి మనిషో నాకు తెలియదు. మాట దాటినవాళ్లను గుర్తుపెట్టుకునే రకమైతే, ఈ ఏడు మొదటి దారి పక్కనే పది నిమిషాల ఆట నడుపుకున్నా మిమ్మల్ని తప్పుపట్టను.

పాట మాన్పించకండి. మీ సీనియర్ టీచరు మాటలో సగం నిజముంది. పై తరగతుల్లో భాగహారం చేసేటప్పుడు ఆరు ఏడులు ఎంతని వేళ్లు తెరుస్తూ కూర్చుంటే పని సాగదు, ఎక్కం నోటికి రావాల్సిందే. అర్థమయ్యాక నోటికి వస్తే సంతోషం. ఆవిడతో వాదన పెట్టుకోకుండా, వల్లెవేయించడంలో ఆవిడ చేయి తిరిగిన మనిషి కాబట్టి శుక్రవారాలు మీ క్లాసుకు వచ్చి పాడించమని అడగండి. మీరు ఆవిడ పిల్లలతో గుడ్ల ట్రే ఆడించండి. 28 ఆవిడ క్లాసులోనూ వినబడుతుంది, మీరు చెప్పక్కర్లేదు.

ఉద్యోగం సంగతి. నడి ఏడాదిలో మానితే జీతంతోపాటు అనుభవ పత్రం దగ్గరా పేచీ రావచ్చు, పిల్లలకు డిసెంబర్‌లో కొత్త మొహం. ఏప్రిల్‌లో మానితే వేరే బడి చూసుకునే వ్యవధి ఉంటుంది, అయితే అక్కడా ఒక స్టేజీ, ఒక వాట్సాప్ గ్రూపు ఉంటాయి. బడే వద్దనుకుంటే అది వేరే మాట, అందులో తప్పేమీ లేదు. ఉత్తరంలో జీతం గురించి ఒక్క ముక్క రాసి, బూట్ల గురించి రెండు పేజీలు రాశారు. అది మీరే ఒకసారి చదువుకోండి.

ఏడో ఎక్కం దగ్గర ఆరున్నొక్క రాగం తీసింది మీరొక్కరే కాదు. ఏడు ఎనిమిదులకు మొదటి నుంచీ రానక్కర్లేదమ్మా. ఏడు ఐదులు 35 మీకు టక్కున వస్తుంది కదా. అక్కడ నిలబడి మూడు వేళ్లు తెరవండి. 42, 49, 56.